వంకర మెడ మాండలిన్

నా ఎడమచేతి మీద షట్టరు పడిన రోజున మా షాపులో కొత్త షట్టరు స్ప్రింగులు పదకొండు ఉన్నాయి. పాత స్ప్రింగు సాగిపోయిందని నాకు నాలుగు నెలలుగా తెలుసు. అమ్మేవాళ్లం మనమే కదా, ఎప్పుడు కావాలంటే అప్పుడు మార్చుకోవచ్చని ఊరుకున్నాను. ఆ ఊరుకున్నందుకు చిటికెన వేలి చివరి కణుపు పోయింది. ఉంగరం వేలు సగం వరకే వంగుతోంది.

వ్యాపారం ఆగలేదు. తలుపు బందులు, గడియలు, తాళాలు, మరలు అమ్మడానికి కుడిచెయ్యీ నోరూ ఉంటే చాలు. ఆగిపోయింది మాండలిన్.

పన్నెండో ఏట మొదలుపెట్టి నలభై నాలుగేళ్లు వాయించాను. ప్రతి ఆదివారం మధ్యాహ్నం లైబ్రరీ పైగదిలో ఆరుగురం కూర్చునేవాళ్లం. రెండు మాండలిన్లు, రెండు గిటార్లు, ఒక వయొలిన్, ఒక ఫ్లూటు. కిటికీ పక్క కుర్చీ నాది. ఏడాదికోసారి కింది హాల్లో కచేరి ఉంటుంది. జట్టుకి పెద్ద రిటైరైన హెడ్మాస్టరు. ఆయన చేతిలో ఫ్లూటు కంటే హాజరు పుస్తకమే ఎక్కువసేపు కనిపిస్తుంది.

కట్టు విప్పిన మూడో నెలలో వెళ్లేసరికి నా కుర్చీలో, కొత్తగా చేరిన పళ్ల డాక్టరు ఒకాయన ఒళ్లో మాండలిన్ పెట్టుకుని కూర్చున్నాడు.

“మిమ్మల్ని రావద్దని ఎవరన్నారమ్మా?” అన్నారు హెడ్మాస్టరు. “పేజీలు తిప్పడానికి మనిషి కావాలి. మీ లెక్క తప్పదు కాబట్టి తాళం కూడా మీరే వేద్దురుగాని.”

“తాళాలు షాపులో అమ్ముతూనే ఉన్నాను మాస్టారూ. ఇక్కడికి వాయించడానికి వచ్చాను.”

“ఆ చేత్తోనా?”

“ఇంకో ఎడమచెయ్యి లేదు కదండీ.”

ఆయన పుస్తకం తిరగేశారు. “కచేరికి పేర్లు రాసేది పధ్నాలుగు వారాల తర్వాత. ఆ ఆదివారం వాయించి చూపించండి. చూద్దాం.”

అప్పు మీద సరుకు అడిగిన వాళ్లతో నేను అనే చూద్దాం లాంటిదే అది. దాని అర్థం నాకు తెలుసు. పళ్ల డాక్టరు మొహమాటంగా లేవబోయాడు. “కూర్చోండి,” అన్నాను. “ఇంకా పధ్నాలుగు వారాలు మీదే.”

ఇంటికి వెళ్లి పాత మాండలిన్ తీశాను. మొండి చిటికెన వేలు తీగ దాకా అందలేదు. అందించాలని మణికట్టు తిప్పితే మిగతా వేళ్లు పట్టు వదిలేశాయి. వారం రోజులు అలాగే కుస్తీ పట్టాక మా జట్టులో వయొలిన్ వాయించే ఆవిడ ఫోన్ చేసింది.

“పాత సబ్బుల గోడౌన్ వెనక ఒకాయన ఉన్నాడు. మాండలిన్లు చేత్తో చేస్తాడు. ఏడాదికి ఐదే. కొనేవాళ్ల చెయ్యి చూడందే చెక్క ముట్టుకోడట. మీ ఇద్దరికీ పడదనుకో, వెళ్లి చూడు.”

బోర్డు లేదు. బోర్డు లేని షాపు నాకు నచ్చదు. లోపల ఒకటే గది, ఉత్తరం వైపు పెద్ద కిటికీ, దాని కింద బల్ల. బల్ల మీద బొటనవేలంత చిత్రిక పట్టే సాధనాలు, చిన్న స్టౌ మీద జిగురు గిన్నె. గోడ పొడుగునా నిలబెట్టిన పలకల మీద పెన్సిలుతో తేదీలు. అన్నిటికంటే పాత తేదీకి పంతొమ్మిదేళ్లు. అంతకాలం కదలని సరుకు నా షాపులో ఉంటే నాకు నిద్ర పట్టదు.

ఆయనకి అరవై దాటి ఉంటాయి. మాండలిన్లకి ముందు పాతికేళ్లు చెప్పులు కుట్టాడట, అదీ రెండు కాళ్లూ ఒకేలా లేనివాళ్లకి. నా చెయ్యి చూసి జాలి మాటేదీ అనలేదు. గట్టి మైనం ముద్ద ఒకటి ఇచ్చాడు.

“మాండలిన్ మెడ అనుకుని పట్టుకోండి. మీకు చేతకాని స్వరం ఉంటుందే, దాని కోసం వేలు చాచండి.”

చాచాను. ఆయన ముద్ద తీసుకుని అందులో పడిన గుంటలు చాలాసేపు చూశాడు. తర్వాత ధర చెప్పాడు. బజార్లో దొరికే మాండలిన్లు పద్దెనిమిది వస్తాయి ఆ డబ్బుకి.

“పది శాతం తగ్గించండి,” అన్నాను.

“అలాగే. ఎనిమిది తీగల్లో ఏది వద్దో చెప్పండి.”

అడ్వాన్సు ఇచ్చి వచ్చాను. ఇంట్లో తమ్ముడు నెత్తి పట్టుకున్నాడు. షాపులో వాడిదీ సగం.

“ఆ డబ్బుతో పెయింట్ల ఏజెన్సీకి డిపాజిట్ కట్టొచ్చక్కా.”

“కట్టు. నీ సగంలోంచి.”

“మొన్న సబ్బు అరిగిపోయిందని కొత్తది తియ్యడానికి మూడు రోజులు ఆలోచించింది మీ అక్కేనా?” అంది మరదలు. “వదినా, అసలు ఆయన మాండలిన్లే చేస్తాడా, మత్తుమందు కూడా చల్లుతాడా?”

ఎనిమిది వారాల తర్వాత చూడ్డానికి వెళ్లాను. పని చాలావరకు అయింది, వార్నిష్ పడలేదు. పై పలక పాలమీగడ రంగులో ఉంది. జిగురు పొంగుతోందని ఆయన స్టౌ దగ్గరికి వెళ్లాడు. నేను సంచిలోంచి కొలిచే వెర్నియర్ తీశాను. అది లేకుండా నేను గడప దాటను. బజార్లో నన్ను కొలతలమ్మ అంటారు. వెయ్యి బందుల్లో ఒకటి వెంట్రుకవాసి తేడా ఉన్నా పెట్టె వాపసు పంపిస్తాను. ముప్పై ఏళ్లుగా నా మీద నమ్మకం అలాగే నిలబడింది.

మెడకి ఒక పక్క మందం, ఇంకో పక్క పల్చన. రెండు మిల్లీమీటర్లు పైనే తేడా. ఇంకా ఒంటికి అతికించని పై పలకని కొలిస్తే మధ్యలో నాలుగున్నర, అంచుల్లో మూడు, అది కూడా ఎడమా కుడీ ఒకటి కాదు. మెట్ల మధ్య దూరాలు నా పాతదానికంటే తక్కువ. వరసపెట్టి అన్నీ చీటీ మీద రాశాను.

“మేస్త్రిగారూ, ఇది సెకండ్స్ సరుకు,” అన్నాను.

ఆయన తిరిగి చూశాడు. నా చేతిలోని వెర్నియర్‌ని ముందు చూశాడు, నన్ను తర్వాత చూశాడు. “ఆ తేడా ఉందే…”

“తేడా ఉంటే వాపసు. మా షాపులో అదే మాట.”

ఇంకో మాట అని ఉంటే నేను వినేదాన్నేమో. ఆయన అనలేదు. డ్రాయరు తెరిచి నా అడ్వాన్సు నోట్లు, నేనిచ్చిన రబ్బరు బ్యాండుతో సహా, బల్ల మీద పెట్టాడు. “ఇన్నేళ్లలో నా పనిని ఇనపకడ్డీతో చూసినవాళ్లు లేరమ్మా. వెళ్లిరండి.”

నోట్లు లెక్కపెట్టుకున్నాను. సరిపోయాయి. అదే సాయంత్రం పెద్ద షోరూములో ఫ్యాక్టరీ మాండలిన్ కొన్నాను. ఎక్కడ కొలిచినా ఒకటే కొలత. నున్నగా, ఎర్రగా మెరిసిపోతోంది. తమ్ముడి మొహం కూడా మెరిసింది.

మూడు వారాలు రోజుకి రెండు గంటలు వాయించాను. కొలత తప్పని ఆ మెడ నా చిటికెన వేలిని ఒక్కసారి కూడా తీగ దగ్గరికి రానివ్వలేదు. మూడో వారానికి మణికట్టు వాచింది.

“ఆ పళ్ల డాక్టరు మంచివాడే అంటున్నారు కదా వదినా,” అంది మరదలు వేడినీళ్ల సంచి అందిస్తూ. ఆమె ఉద్దేశం మంచిదే. కానీ ఆ సంచి నేను తీసుకోలేదు.

మర్నాడు షాపుకి ఒక వడ్రంగి వచ్చాడు. మా దగ్గర కొన్న బందులు కౌంటరు మీద గలగలమని పోశాడు.

“మీ సరుకు చెడిపోయిందమ్మా. తలుపు పట్టట్లేదు. రెండుసార్లు బిగించాను.”

కొలిచాను. ఆరింటికీ తేడా లేదు. “బందులు బాగానే ఉన్నాయి. ఎవరి ఇల్లు?”

“పాత ఇల్లే. గోడ కాస్త ఒరిగింది.”

“గోడ ఒరిగితే బందు ఏం చేస్తుందయ్యా? పై బందు కింద అట్టముక్క పెట్టి బిగించు. ఒక పక్క ఎత్తు పెరగాలి. ఒరిగిన ఇంట్లో తిన్నగా బిగిస్తే తలుపెలా పడుతుంది?”

ఈ మాట నేను ఏడాదికి వందమందికి చెబుతాను, వాళ్లకి అట్టముక్కలు ఊరికే ఇస్తాను కూడా. వడ్రంగి వెళ్లిపోయాక చాలాసేపు కౌంటరు ముందు ఎవరున్నారో చూడలేదు. తర్వాత బిల్లు కాగితం ఒకటి తిప్పి, వెర్నియర్‌తో నా రెండు చేతులూ కొలిచాను. వేలు వేలుకీ, కణుపు కణుపుకీ. ఎడమదీ కుడిదీ పక్కపక్కన రాశాను. ఒక్క వరసలోనూ అంకెలు కలవలేదు. ఈ లెక్కన వాపసు పంపాల్సింది నన్నే.

షట్టరు దించమని తమ్ముడికి చెప్పి సబ్బుల గోడౌన్ వెనక్కి వెళ్లాను.

మాండలిన్ గోడకి వేలాడుతోంది. పై పలక అతికించేశాడు, తీగలు కూడా కట్టాడు. నేను బిల్లు కాగితం బల్ల మీద పెట్టాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని చదివాడు.

“మైనం ముద్దలో నాకు ఇదే కనబడింది,” అన్నాడు. “బొటనవేలి వైపు మందం ఉంటే మీ మణికట్టు తిరగక్కర్లేదు. అటు పల్చనగా ఉంటే చిటికెన వేలికి దారి దగ్గర.”

“ఆ రోజే చెప్పొచ్చు కదా?”

“మీరు వినడానికి వచ్చారా?”

ఆయన వేరేవాళ్ల కోసం చెక్కుతున్న పలక ఒకటి తీసి, అంచు పట్టుకుని నా చెవి దగ్గర వేలితో తట్టాడు. టప్ మంది. అంచు దగ్గర రెండు నిమిషాలు గీరి, మళ్లీ తట్టాడు. ఈసారి శబ్దం వెంటనే ఆగలేదు, గుండ్రంగా సాగింది. “మీ వెర్నియర్‌కి ఇది అందదు,” అన్నాడు. మరి నా చెవికి అందింది. నలభై నాలుగేళ్లు ఊరికే వాయించలేదు.

“పని ఆపలేదేం?” అని అడిగాను.

“ఆపితే మాత్రం ఎవరికి అమ్ముకోను? మీ చేతికి తప్ప పట్టదు.”

“నేను రాకపోతే?”

“గోడకి తగిలించి, మీలాంటివాళ్లు వచ్చినప్పుడు చూపించేవాణ్ణి.”

గోడ మీంచి దించి ఇచ్చాడు. పట్టుకున్నాను. నా చిటికెన వేలు వెళ్లి తీగ మీద కూర్చుంది. నొక్కితే స్వరం పలికింది. ఆ స్వరం నా చేతిలో పలికి ఏడు నెలలైంది. ఆయన కిటికీ తలుపు సరిచేసుకుంటూ నిలబడ్డాడు, నా వైపు తిరగలేదు.

మాండలిన్ తిప్పి బిరడల వైపు చూశాను. “ఒక తప్పు మాత్రం ఉంది. బిరడల రేకుకి వేసిన మూడో మర నాసిరకం. తల అప్పుడే అరిగింది.”

ఆయన దగ్గరికి వచ్చి, వంగి చూసి, నవ్వాడు. “మంచి మరలు దొరకట్లేదమ్మా.”

“నా దగ్గర దొరుకుతాయి. ఇక నుంచి మీ మాండలిన్లన్నిటికీ మరలు నేనిస్తాను. అందుకే ఆ పది శాతం…”

“తీగ తీసెయ్యనా?”

పూర్తి ధర ఇచ్చాను. మరలు కూడా ఇచ్చాను. వార్నిష్‌కి ఇంకా నెల పడుతుందన్నాడు. నాకున్నది రెండు వారాలు. వార్నిష్ లేకుండానే ఇమ్మన్నాను, కచేరికి ముందు తెచ్చి ఇస్తాను, అప్పుడు వేద్దురుగాని అన్నాను. ఫ్యాక్టరీది పెట్టెలో పెట్టి తమ్ముడికి ఇచ్చి, వాపసు చెయ్యమన్నాను. బిల్లు పారేసే మనిషిని కాను.

పేర్లు రాసే ఆదివారం అందరికంటే ముందు వెళ్లి కిటికీ పక్క కుర్చీలో కూర్చున్నాను. పళ్ల డాక్టరు వచ్చి తలుపు దగ్గరే ఆగిపోయాడు.

“పధ్నాలుగు వారాలు అయిపోయాయండీ,” అన్నాను.

హెడ్మాస్టరు వచ్చి మాండలిన్‌ని అటూ ఇటూ చూశారు. “ఇదేమిటమ్మా, రంగు లేదు. మెడ వంకరగా ఉంది.”

“నా చెయ్యీ అంతే కదండీ. ఏం వాయించమంటారో చెప్పండి.”

చిటికెన వేలు లేకపోతే నడవని పాటనే ఎంచి మరీ చెప్పారు. వాయించాను. మొదటి మలుపులో తీగ కాస్త జీరగా పలికింది. మూడోసారి తిప్పినప్పుడు ఒకచోట ఆలస్యమైంది. ఆగలేదు, చివరిదాకా వెళ్లాను. రంగు పడని చెక్క నా ఒళ్లో అదురుతుంటే గదిలో గిటారు తీగలు కూడా తమంతట తాము సన్నగా మోగాయి.

“రెండుచోట్ల తప్పింది,” అన్నారు హెడ్మాస్టరు.

“మూడుచోట్ల మాస్టారూ. మీరు ఒకటి వదిలేశారు. కచేరికి ఒకటికి తగ్గిస్తాను. పేరు రాయండి.”

ఆయన కలం మూత తీసి, తలుపు దగ్గర నిలబడ్డ డాక్టరుని చూసి, గది మొత్తం చూశారు. “కుర్చీలు ఆరే ఉన్నాయి కదమ్మా…”

“ఏడోది కొనండి. మడతకుర్చీ బోల్టు వదులైతే మా షాపుకి తీసుకురండి.” మాండలిన్ ఒళ్లో సర్దుకున్నాను. “నేను మాత్రం లేవను.”

ఆయన రాశారు. నా పేరులో ఒక అక్షరం తప్పు రాస్తే దిద్దించాను.