తెల్ల ఎలుగు, పచ్చ అజొల్లా

జలపతి పేరులో జలం, పనిలో మంచు. దుబాయిలో పిల్లలు ఆడుకునే మంచు పార్కులో తెల్లని ధ్రువపు ఎలుగుబంటి వేషం అతని కొలువు. ఎలుగే గాని ఎలుగెత్తడానికి లేదు. నోరు తెరిస్తే జీతం కోత.

సెలవు మీద కోరుట్ల దగ్గరి సొంతూరికి వచ్చేసరికి భార్య శ్యామల ఇంటి వెనక గుంతలో టార్పాలిన్ పరిచి, పేడనీళ్లు పోసి, బర్రెకు మేతగా అజొల్లా అనే నీటి నాచు పెంచుతోంది. గోరంత ఆకులు, నీళ్ల మీద పచ్చటి దుప్పటి.

ఇద్దరి మధ్యా ఒకటే ఒప్పందం. సిరిసిల్ల నుంచి తెచ్చిన బర్రె ఆ ఆకు తింటే దాణా ఖర్చు తగ్గుతుంది, ఇంకో బర్రెను కొని జలపతి ఇక్కడే ఉండిపోతాడు. తినకపోతే మళ్లీ దుబాయికే, టికెట్టు కోసం జగిత్యాల ఏజెంటుకు ఈ సాయంత్రమే ఫోను.

బర్రెకేమో నాచు నచ్చడం లేదు. జలపతి గంపతో వస్తే చాలు, పలుపు తెంపుకునేంత పని చేస్తోంది.

రోజూ తెల్లారగానే కూలికి పోయే శ్యామల ఇవాళ వంటింట్లోనే ఆగిపోయింది. కొట్టంలోంచి మొగుడి మొత్తుకోలు వినపడింది.

"గంత పెద్ద ఎలుగు, చలి లేకుంటే బతుకది. గింత ఆకు, నీడ లేకుంటే బతుకది. రెంటికి చాకిరి నేనే జేయాల్నా?"

"గా ఎలుగు ఎంత పెద్దదైతేంది, పాలిస్తదా? గీ ఆకు బర్రె కడుపుల వడితే పాలైతది. మంచిగ కడిగినవా? పేడ వాసనొస్తే ముట్టది."

"మూడు నీళ్లల్ల కడిగిన. తౌడు గూడ కలిపిన. ఇగ దండం వెట్టుడే తక్వ!"

శ్యామల బయటికొచ్చి గుమ్మంలోనే నిలబడిపోయింది.

"ఏమయ్యా, చేతులకేంది గవి?"

జలపతి చేతులు చూసుకున్నాడు. పార్కువాళ్లు పాతబడ్డాయని పారేస్తే తెచ్చుకున్న ఎలుగు తొడుగులు. లోపల రబ్బరు, పేడనీళ్లు అంటవు. పైన మాత్రం తెల్లటి బొచ్చు, జానెడు నల్ల గోళ్లు.

"అది ఆకుకు భయపడ్తలేదయ్యా, నీకు భయపడ్తంది! తియ్ గవి!"

తీసి అవతల పారేసి, ఒట్టి చేత్తో పిడికెడు ఆకు చాపాడు. బర్రె బుస్సుమంది. వాసన చూసింది. నాలుక చాపి ఆకంతా ఊడ్చుకుపోయి, ఇంకా ఏమైనా ఉందా అన్నట్టు అరచేయి నాకింది.

శ్యామల గుంజకు ఒరిగి, కొంగుతో కళ్లొత్తుకుంది.

అంతలో ఏజెంటే ఫోన్ చేశాడు. "ఏమాయె జలపతన్నా, వస్తున్నవా?"

"లేదన్నా. బర్రె సెలవియ్యలే!"

గరుకు నాలుక మళ్లీ అరచేతిని తాకేసరికి చక్కిలిగింత పుట్టింది. జలపతి వాడంతా వినపడేలా ఎలుగెత్తి నవ్వాడు. జీతం కోసేవాళ్లెవరూ లేరు.