తారాబాయి సంచులు

బోధన్ కూరగాయల మార్కెట్లో మున్సిపాలిటీ వాళ్ళు ప్లాస్టిక్ కవర్లు పట్టుకొని జరిమానా వేయడం మొదలుపెట్టాక, అక్కడ కూరగాయలమ్మే తారాబాయి వాటిని పూర్తిగా మానేసింది. ఆమె కోడలు అంకిత పాత చీరలు కత్తిరించి సంచులు కుట్టింది. కూరగాయలు వాటిలోనే వేసి ఇచ్చేవాళ్ళు. అది చూసి పక్క వరుసల్లో అమ్మే ఆడవాళ్ళు కూడా అంకితతోనే కుట్టించుకోసాగారు.

నరేందర్‌కు మండింది. నిషేధం వచ్చినా దొంగచాటుగా మార్కెట్టంతటికీ కవర్లు వేసేది అతడే. మొదట మాటలతో బెదిరించాడు. తరువాత ఒక పొద్దున, బేరాలు జోరుగా సాగుతుండగా, ఇద్దరు మనుషులను వెంటేసుకొని వచ్చాడు.

"మార్కెట్ల లీడరువైతున్నవా, అవ్వా?"

"సర్కారు బంద్ జేసిన సరుకు నేనెందుకు పెట్టాలె? పట్టుకుంటే నువ్వొస్తవా?" అంది తారాబాయి.

"గదంత నేను జూస్కుంట. ముందుగాల గీ సంచులు తియ్యి."

"తియ్య."

నరేందర్ టమాటల గంపను తన్నాడు. అతని మనుషులు కొత్తిమీర కట్టల మీద తొక్కుకుంటూ పోయి తారాబాయి చెంప పగలగొట్టారు. ఆమె కాంటా మీద బోర్లా పడింది. నరేందర్ సీసాలోని పెట్రోలు దండేనికి వేలాడుతున్న సంచుల మీద పోసి అగ్గిపుల్ల గీశాడు.

అంకిత ఉత్త చేతులతో మంట ఆర్పబోయింది. అతడు ఆమె జుట్టు పట్టి, ముఖం మంటకేసి వంచాడు.

"కుట్టు. ఇప్పుడు కుట్టు."

ముఖానికి అడ్డం పెట్టుకున్న ఆమె చేతులకు పాలిస్టర్ గుడ్డ కరిగి అంటుకుంది. ఆమె అరుపుకు జనం వెనక్కి జరిగారే గాని, ఒక్కరూ ముందుకు రాలేదు.

తారాబాయి చేతికి రెండు కిలోల ఇనుప తూకపురాయి దొరికింది. మొదటి దెబ్బ కణత మీద పడింది. నరేందర్ మోకాళ్ళ మీద కూలాడు. రెండో దెబ్బకు పళ్ళు రాలి, వెల్లకిలా పడ్డాడు. అతని మనుషులు పారిపోయారు. ఆమె అతని ఛాతీ మీద కూర్చొని కొడుతూనే ఉంది. కాలిన చేతులతో పట్టుకోలేక, అంకిత మోచేతులతో అత్తను వెనక్కి గుంజింది.

"అత్తా, సస్తడు. ఇడ్సిపెట్టు."

తారాబాయి కిందికి చూసింది. అతని కుడి కన్ను ఉండాల్సిన చోట నెత్తురే ఉంది. ఆమెకు భయమేసింది, నెత్తురును చూసి కాదు, ఇంకా కొట్టాలనిపించినందుకు.

నరేందర్ బతికాడు, కన్ను పోయింది. అతని గోదాముకు తాళం పడింది. కేసులు అతని మీదా, తారాబాయి మీదా పెట్టారు. నిజామాబాద్ ఆసుపత్రిలో అంకిత చేతులకు కట్లు కట్టారు. వేళ్ళు ఇక పూర్తిగా చాపడం కుదరదని డాక్టరు చెప్పాడు.

"అంతగనం ఎందుకు కొట్టినవ్ అత్తా?"

"నా సెయ్యి నా మాట ఇనలే బిడ్డా."

బెయిలు మీద వచ్చిన తారాబాయి మళ్ళీ మార్కెట్లో కూర్చుంది. కొనడానికి వచ్చి ఎప్పుడూ నవ్వుతూ పలకరించే ఆడవాళ్ళు తల వంచుకొని వంకాయలు ఏరుకున్నారు. ఎవరూ కవరు అడగలేదు. బేరమూ ఆడలేదు. చెప్పిన ధర ఆమె చేతిలో పెట్టి, గబగబా వెళ్ళిపోయారు.