ఇంటికి పోయే దారి

కాదు కాదు, ఆ అద్దంలోకి మరీ అంతసేపు చూడకూడదు, చూస్తే రోడ్డు బదులు వెనక సీట్లో కూర్చున్న దోన్ ఎలాదియో మీసాలే కనబడుతున్నాయి, పరీక్ష పెట్టే మనిషికి అంత గుబురు మీసాలెందుకో, నవ్వుతున్నాడో పళ్ళు కొరుకుతున్నాడో మనకి తెలియకుండా ఉండటానికి కాబోలు, అద్దం చూడాలి గాని ఆయన్ని చూడకూడదు, డ్రైవింగు నేర్పే మారిలు ఎన్నిసార్లు చెప్పిందో, తల్లీ, నువ్వు అద్దం చూసినట్టు ఆయనకి తెలియాలి, మెడ తిప్పు, ముక్కు తిప్పు, ఉత్త గుడ్లు తిప్పితే లాభం లేదు అని, ఆ పిల్లకి పాతికేళ్ళుంటాయేమో, అరవై దాటిన నన్ను పట్టుకుని తల్లీ, బంగారూ అంటుంది, ఇక్కడ అందరూ అందరినీ అలాగే అంటారు, ఇప్పుడు నా పక్కనే కూర్చుని, తన కాళ్ళ దగ్గరున్న రెండో బ్రేకు మీద పాదం ఆనించీ ఆనించకుండా కిటికీలోంచి బయటికి చూస్తోంది, అది తొక్కిందంటే నా పని అయిపోయినట్టే, సరే, గేరు మార్చాలి, ఛీ ఛీ, మళ్ళీ ఎడమ చెయ్యే వెళ్ళి తలుపుకి కొట్టుకుంది, ఇన్నేళ్ళూ స్పెయిన్‌లో బండి నడిపానన్న మాటే గాని నడిపిందంతా ఇంగ్లండులో మా ఊరు గ్రిమ్స్‌బీ నుంచి తెచ్చుకున్న మా చేపల వ్యానే, దాని స్టీరింగు కుడివైపు, ఆ అలవాటు చేతికి పోదు, కుడి చెయ్యి గేనర్, కుడి చెయ్యి, మంచు గడ్డకట్టిన గ్రిమ్స్‌బీ రేవులో లారీని వెనక్కి నడిపి ఆపిన దాన్ని, ఇవాళ పొద్దున మీసాలు మొలవని కుర్రాళ్ళ మధ్య బెంచీ మీద కూర్చుని పేరు పిలిచేదాకా గోళ్ళు కొరుక్కున్నాను, వాళ్ళలో ఒకడు నా భుజం తట్టి, బామ్మా భయపడకు, ఆయన మనుషుల్ని తినడులే అన్నాడు.

ఇదంతా ఎవరి పుణ్యం, మా ఆయన ట్రెవర్ పుణ్యం, కొండమీది మా వసారాలో స్పెయిన్ ఎండలో కాళ్ళు చాపుకుని, పొరుగింటి ఎంకార్నా ఇచ్చిన ఆలివు కాయలు నములుతూ, యూరప్ కూటమి నుంచి ఇంగ్లండు బయటికి రావాలని పోస్టులో ఓటేశాడు మహానుభావుడు, ఎందుకయ్యా అంటే పరాయివాళ్ళొచ్చి మన దేశంలో తిష్ట వేస్తున్నారు గేనర్, మన భాష కూడా నేర్చుకోరు అన్నాడు, అప్పటికి తనకొచ్చిన స్పానిష్ మూడు ముక్కలు, బీరు, ఇంకో బీరు, బిల్లు, నేను నవ్వాపుకోలేక లోపలికి పోయాను, ఓటేస్తే మాత్రం ఏమవుతుందిలే అనుకున్నాను, తీరా అయింది, కూర్చున్న కొమ్మని నరుక్కున్నాడు, పైగా ఆ కొమ్మ మీద నన్ను కూడా కూర్చోబెట్టుకుని, పోనీ అప్పుడన్నా ఇంగ్లండు లైసెన్సు చూపించి ఇక్కడిది తీసుకుందాం పద అంటే, తొందరేముంది, వాళ్ళకి మనం కావాలి, మన డబ్బు కావాలి, వాళ్ళే గుమ్మంలోకొచ్చి ఇచ్చిపోతారు అన్నాడు, గుమ్మంలోకి ఎవరూ రాలేదు, ఎంకార్నా మేక తప్ప, గడువు దాటింది, నా లైసెన్సు చిత్తుకాగితమైంది, బండి నడపాలంటే మొదటి నుంచీ పరీక్ష రాయాలన్నారు, ట్రెవర్‌కా చూపు మందగించింది, నడిపేది నేనొక్కదాన్నే, చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఇదిగో ఈ గుండ్రటి కూడలి దగ్గరికొచ్చాను, ఎడమవైపు నుంచి వచ్చేవాళ్ళకి దారివ్వాలి, ఎడమవైపు, నీలం కారు పోయింది, స్కూటరు పోయింది, ఇప్పుడు పద, పద, హమ్మయ్య, మారిలు పాదం కదల్లేదు.

నిజానికి పోయినసారి పరీక్ష పోగొట్టుకుంది ఇలా దారిచ్చే దగ్గరే, అదీ మర్యాదకి పోయి, సందులో ఎదురుగా రొట్టెల బండి వచ్చింది, పాపం ముసలాయన, ముందు నువ్వు వెళ్ళు నాయనా అని మా ఊరి పద్ధతిలో లైట్లు ఒక్కసారి మినుకుమనిపించాను, మా ఇంగ్లండులో దాని అర్థం అదే, ముందు మీరు, అబ్బే ముందు మీరు అని, అలా ఇద్దరం లైట్లు వేసుకుంటూ సాయంత్రందాకా నిలబడగలిగిన జాతి మాది, ఇక్కడేమో దాని అర్థం తప్పుకో, నేనొస్తున్నా, గుద్దేస్తా అని, ఆ ముసలాయన బెదిరిపోయి బండిని పూలకుండీల మీదికెక్కించాడు, కిందికి దిగి నా పుట్టుపూర్వోత్తరాలన్నీ ఎత్తాడు, నేను సారీ సారీ అంటూ దండం పెట్టినట్టు మళ్ళీ లైట్లు వేశాను, ఇంకేముంది, వెనక సీట్లోంచి దోన్ ఎలాదియో బండి పక్కకి ఆపండమ్మా అన్నాడు, ఆ సంగతి చెబితే ఎంకార్నా పొట్ట పట్టుకుని నవ్వింది, పిల్లా, ఇన్నేళ్ళుగా నువ్వు మమ్మల్ని తప్పుకోమనే బెదిరిస్తున్నావనుకున్నాం, ఈ ఇంగ్లీషావిడకి ఇంత పొగరేమిటా అని ఊరంతా అనుకుంది, చేపలు బాగుంటాయని సరిపెట్టుకున్నాం అంది.

చేపలంటే గుర్తొచ్చింది, రేపు గురువారం, మా ఊళ్ళో చేపలమ్మే రోజు, లైసెన్సు పోయినప్పటి నుంచీ ఎవరో ఒకరిని బతిమాలి బండి నడిపిస్తున్నాం, అదెన్నాళ్ళు సాగుతుంది, ఈ పరీక్ష పోతే బండి లేదు, బండి లేకపోతే ఈ కొండల్లో ఊరూరా తిరిగి వేడివేడిగా చేపలూ బంగాళాదుంప ముక్కలూ వేయించి అమ్మే మా బతుకే లేదు, అందుకే ట్రెవర్‌తో ఒప్పందం, ఇదీ పోతే కొండ మీది కొంపని, కొంటామంటున్న బెల్జియం దంపతులకి అమ్మేసి ఇంటికి పోదాం అని, ఇంటికి అంటే గ్రిమ్స్‌బీకి, మా ఇంగ్లీషు వాళ్ళందరి భాషలోనూ అంతే, ఇక్కడ ఎన్నేళ్ళున్నా ఇల్లంటే ఇంగ్లండే, పండక్కి ఇంటికి వెళ్తున్నారా అంటే ఇంగ్లండు వెళ్తున్నారా అని, రోజూ పడుకునే కొంపని విల్లా అంటారు, మేమైతే ఉత్తినే పైన అంటాం, పైకి వెళ్దామా, పైన పాలున్నాయా అని, గ్రిమ్స్‌బీలో మా చెల్లెలు డెనీస్ వెనకగది సర్ది ఉంచుతానంది, ఆ గదికి ఒకే కిటికీ, దాంట్లోంచి కనబడేది పక్కింటి గోడ, డెనీస్ పనిచేసే చేపల ఫ్యాక్టరీలో లిథువేనియా వాళ్ళంతా వెళ్ళిపోయాక కోసేవాళ్ళు లేక యంత్రాలు ఖాళీగా ఉంటున్నాయట, నువ్వొస్తే రేపే పనిస్తారక్కా అంది, అంటే వాళ్ళు అక్కడికి రాకూడదని ఓటేసిన మనిషి పెళ్ళాన్ని వాళ్ళు వదిలిపోయిన కత్తి పట్టుకోవడానికి పోతున్నానన్నమాట, నవ్వొస్తుంది నాకు, ఏడవాలి గాని నవ్వే వస్తుంది.

ఇక్కడా తక్కువేం కాలేదు, పౌండు విలువ పడిపోయి ట్రెవర్ పింఛను చిక్కిపోయింది, గ్రిమ్స్‌బీ నుంచి వచ్చే చేప సరిహద్దులో ఇరుక్కుని ఆనక రావడమే మానేసింది, మావాళ్ళు ఒక్కొక్కరే సామాన్లు సర్దుకున్నారు, ఈతకొలనులు ఎండాయి, వాటిని కడిగే పిల్లాడు బార్సిలోనా పోయాడు, ఇంగ్లీషు వాళ్ళ పొద్దుటి పలహారాల మీద బతికిన ఫెలీపా హోటల్లో ఈగలు మిగిలాయి, మా బండి దగ్గర కూడా ఈగలే, ఇక మూసేద్దాం అనుకుంటున్న రోజునే ఎంకార్నా వచ్చి ఏమిటీ కంపు, చేపకి వినిగరు పోస్తారటే పిల్లా, మీ అమ్మ నీకేం నేర్పలేదా అని తిట్టి, పొద్దున్నే నన్ను గర్రూచా రేవుకి తీసుకెళ్ళి చేపలవాళ్ళతో నా తరఫున దెబ్బలాడి, మెర్లూసా చేప కొనిపించింది, పిండిలో కుంకుమపువ్వు వెయ్యమంది, వినిగరు తీసి నిమ్మకాయ పెట్టమంది, మా ఊళ్ళో చేపతో పాటు పెట్టే బఠాణీ ముద్ద మాత్రం నేను వదల్లేదు, అది వాళ్ళకీ పట్టింది, ఇప్పుడు గురువారం వస్తే ముసలమ్మలు కుర్చీలు తెచ్చుకుని మరీ వరసలో కూర్చుంటున్నారు, ట్రెవర్ బంగాళాదుంపలు చెక్కుతూ వాళ్ళతో స్పానిష్ మాట్లాడతాడు, తప్పులతడకే, అయినా ఆపడు, ట్రాక్టరు గినేస్‌తో డొమినో ఆడతాడు, నిమ్మమొక్క నాటి దానికి ఎండ తగలకుండా గొడుగు పెట్టాడు, ఆ మనిషే ఇంటికి పోదాం అంటాడు, నా వల్లే ఇదంతా అయింది, నిన్నింకా ఏడిపించడం దేనికి గేనర్ అంటాడు, అన్నప్పుడల్లా నిమ్మచెట్టు వంకే చూస్తాడు.

దోన్ ఎలాదియో దగ్గాడు, సెన్యోరా, ఇక కాసేపు నేను దారి చెప్పను, మీకు తెలిసిన దారినే పోనివ్వండి, మీ ఇంటికి వెళ్తున్నాననుకోండి, మీరెలా వెళ్తారో చూస్తాను అన్నాడు, మా ఇంటికా, మా ఇంటికంటే ఎలా చెప్పను ఈయనకి, ముందు ఉత్తరానికి పోవాలి, రెండు రోజులు, ఆ తర్వాత ఓడెక్కాలి, ఓడలో కారు పెట్టాలి, ఆ తర్వాత మోటారు దారి, వానలో, డెనీస్ వాళ్ళ వీధి, పక్కింటి గోడ, అయ్యా నాకు అంత పెట్రోలు లేదు, మారిలు కళ్ళు పెద్దవి చేసి నా వంక చూస్తోంది, కదలవేం తల్లీ అన్నట్టు, నేనింకా ఓడ దగ్గరే ఉన్నాను, టిక్ టిక్ టిక్ అని చప్పుడు, ఏమిటా అని చూస్తే ఎడమవైపు దీపం కొట్టుకుంటోంది, ఎవరు వేశారు, నేనే వేశాను, నా చెయ్యే వేసింది, నన్ను అడక్కుండా, అద్దం కూడా చూసేసినట్టున్నాను, ముక్కుతో సహా, బండి అప్పుడే బాదంతోటల వైపు తిరిగింది, పెట్రోలు బంకు, మూతపడిన ఇంగ్లీషు కొట్టు, ఫెలీపా హోటలు, దారి కాళ్ళకి తెలుసు, చేతులకి తెలుసు, నాకే తెలియదు కాబోలు.

ఎండిన వాగు మీద ఇరుకు వంతెన, ముందు పోయే హక్కు నాదేనని బోర్డు చెబుతోంది, అయితే ఎదురుగా నిమ్మకాయల ట్రైలరు లాక్కుంటూ గినేస్ అప్పటికే సగం వంతెన మీదున్నాడు, బోర్డులు చదివే అలవాటు వాళ్ళ వంశంలోనే లేదు, ఆపాను, చెయ్యి లైట్ల మీట మీదికి పోయింది, మీరు ముందు నాయనా అని చెప్పాలి కదా, పోయింది, ఆగింది, రొట్టెల బండీ పూలకుండీలూ కళ్ళముందు కనబడ్డాయి, వద్దు గేనర్ వద్దు, ఆ చెయ్యిని మీట మీంచి పీకి, కిటికీ అద్దం దించి, బయటపెట్టి, ఊపాను, నా నోట్లోంచి వచ్చింది నా గొంతేనా అది, రావయ్యా బాబూ, వస్తావా అక్కడే పక్కేసుకుంటావా, నీ తల్లి కడుపు చల్లగుండ, నాకు పరీక్ష అవుతోందిక్కడ, ఎంకార్నా మేకని తరిమే గొంతు అది, అచ్చం అదే, గినేస్ పళ్ళికిలించి బండి పోనిచ్చాడు, నా కిటికీ పక్కకొచ్చి ఆపి మరీ, రేపు మెర్లూసా ఉందా చిన్నదానా అన్నాడు, ఉంది పోవయ్యా పో అన్నాను, మారిలు మొహం రెండు చేతుల్లో దాచుకుంది, అయిపోయింది, పరీక్షలో చేపల బేరం పెట్టిన మొదటిదాన్ని నేనే అయుంటాను, అద్దంలో మీసాలు కదిలాయి, పళ్ళు కొరుకుతున్నాడా, లేదు, నాకు అర్థం కానిది ఒకటే సెన్యోరా, మొదట్లో ఆ వినిగరు ఎందుకు పోసేవారు అన్నాడు.

పరీక్ష మొదలైన చోటికే తిరిగొచ్చి ఆపాను, ఆయన దిగాడు, మారిలుతో ఏదో అన్నాడు, నా వైపు వంగి, మీ వ్యాను వెనక ఆకుపచ్చ పలక పెట్టుకోవాలమ్మా, ఎల్ అని రాసి ఉన్నది, కొత్తగా నేర్చుకున్నవాళ్ళు ఏడాదిపాటు పెట్టుకోవాలి అన్నాడు, నాకు ఒక్క క్షణం ఎక్కలేదు, పలకెందుకు అంటున్నాను, మారిలు నన్ను వాటేసుకుని, తల్లీ, పాసయ్యావే అని అరుస్తోంది, పొద్దుటి కుర్రాళ్ళు బెంచీ మీంచి లేచి బామ్మా బామ్మా అని చప్పట్లు కొడుతున్నారు, నాకు కళ్ళనీళ్ళు వచ్చేశాయి, నవ్వూ వచ్చింది, అరవై దాటాక ఎల్ పలక, ఎంకార్నా చూస్తే ఇంక పదేళ్ళు ఇదే చెప్పుకుంటుంది, ఫోను తీసి ట్రెవర్‌కి కలిపాను, ఊపిరాడక ఒక్కటే మాట వచ్చింది, ట్రెవర్, ఇంటికొస్తున్నా.

పోన్లే గేనర్, బాధపడకు, డెనీస్‌కి నేనే చెప్తాను, గదిలో మంచం అటు జరపమంటాను, నిమ్మచెట్టుని ఎంకార్నాకి అప్పగిద్దాం, నీళ్ళు మాత్రం సాయంత్రమే పొయ్యమనాలి అన్నాడు, అదేమిటి, గదేమిటి, మంచమేమిటి అనుకున్నాను, అప్పుడు అర్థమైంది, నేనన్న మాట నాకే వినబడింది, పిచ్చిమొహమా, ఫెయిలవలేదు, పాసయ్యాను, డెనీస్ ఊసెందుకు, నేను వస్తానన్నది మనింటికి అన్నాను, పైకి అని ఎందుకనలేదు మరి అన్నాడు, ఏమో, ఎందుకనలేదో, ఆ మాట దానంతట అదే వచ్చింది, ఫెయిలయినా ఆ మాటే వచ్చేదని, వచ్చి ఆ వసారాలోనే కూర్చుని ఏడ్చేదాన్నని ఇప్పుడు తెలుస్తోంది, అవతల ట్రెవర్ ముక్కు చీదిన చప్పుడైంది, మరి బఠాణీలు నానబెట్టెయ్యనా అన్నాడు, నానబెట్టు, ఎక్కువే నానబెట్టు, ఇంటికి వచ్చేస్తున్నా అన్నాను, ఈసారి ఏ ఇంటికి అని అడగలేదు.