ముక్కుగారి బండారం

సబ్బుల ఫ్యాక్టరీలో నా ఉద్యోగం వాసన చూడడం. కొత్తగా కలిపిన ప్రతి సబ్బు ముద్దనూ నా ముక్కు దగ్గర పెడతారు. నేను కళ్ళు మూసుకుని, తల ఓ పక్కకి వాల్చి "ఊఁ" అంటేనే అది అచ్చులోకి వెళుతుంది. అక్కడ అందరూ నన్ను ముక్కుగారు అంటారు. ఆ పిలుపు వింటే లోలోపల ఎంత పొంగిపోతానో చెబితే నవ్విపోతారు.

ఇంట్లోనూ అంతే. కూర పాడైందా, గ్యాస్ లీకవుతోందా, ఆరని బట్టలు ముక్క వాసన వేస్తున్నాయా, తీర్పు నాదే. నేను వాసన చూడనిది మా ఆవిడ ఎవరికీ వడ్డించదు.

అలాంటి నాకు పోయిన నెల జలుబు చేసింది. జలుబు తగ్గింది, వాసన మాత్రం తిరిగి రాలేదు. చెబితే ఉద్యోగం ఊడుతుందని చెప్పలేదు. ముద్ద పట్టుకొచ్చే ఆపరేటర్ మొహం ఓరకంట చూసేవాణ్ణి. అతను చిట్లించుకుంటే "పనికిరాదు", మామూలుగా ఉంటే "ఊఁ". కళ్ళు మూసుకున్నట్టు కనబడుతూ అతని మొహం చూడడానికి నేను పడ్డ పాట్లు పగవాడికి కూడా వద్దు. ఓ రోజు పాపం అతనికి పంటి నొప్పి. ఆ రోజు మంచి సరుకంతా తిప్పి పంపాను.

ఆదివారం మధ్యాహ్నం మా బావమరిది భోజనానికి వచ్చాడు. వచ్చినవాడు ఊరుకోక, "ఒక్క అద్భుత శక్తి ఇస్తానంటే ఏం కోరుకుంటారు?" అని మొదలుపెట్టాడు. తనకైతే గాల్లో ఎగరాలనుందట.

"కాకి రోజూ ఎగురుతోంది మామయ్యా. అందులో గొప్పేముంది?" అంది మా అమ్మాయి. దానికి పదేళ్ళు. జంతువుల పుస్తకాలు తప్ప మరోటి ముట్టదు.

"అయితే మాయమైపోతా."

"ఆక్టోపస్ రాయి మీద కూర్చుంటే రాయిలాగే అయిపోతుంది. అయినా అమ్మ గిన్నెలు తోమమంటే నువ్వు మాయమవుతావుగా, చాలదా?"

మా ఆవిడ కొండలెత్తే బలం కావాలంది. చీమ తనకన్నా ఎన్నో రెట్ల బరువు మోస్తుందనీ, అయినా దాన్నెవరూ మెచ్చుకోరనీ అమ్మాయి చెప్పింది. "నా సంగతీ అంతేగా" అంటూ మా ఆవిడ నా వైపో చూపు విసిరింది.

"మరి నీకేం కావాలి నాన్నా?"

"కుక్క ముక్కు," అన్నాను. నోరు జారింది.

అందరూ పగలబడి నవ్వారు. "ఉన్నదాన్నే మళ్ళీ అడుగుతావేంటి బావా!" అన్నాడు బావమరిది.

అప్పుడే మా ఆవిడ నిన్నటి కూర గిన్నె నా ముందు పెట్టింది. "బాగుందో లేదో చూడండి."

ఇక్కడ ఆపరేటర్ లేడు. అయినా కళ్ళు మూసుకున్నాను, తల వాల్చాను, "భేషుగ్గా ఉంది" అన్నాను.

అమ్మాయి మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని అక్కడే ఉమ్మేసింది. దాని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మా ఆవిడ గిన్నె వాసన చూసి, "ఇంత కంపు కొడుతుంటే..." అని ఆగిపోయి నన్నే చూసింది.

ఇక బుకాయించడం నా వల్ల కాలేదు. పంటి నొప్పితో సహా అంతా చెప్పేశాను. బావమరిది నవ్వాపుకోలేక వరండాలోకి పోయాడు. మా ఆవిడ మాత్రం నవ్వలేదు.

"ముక్కు పోతే పోయింది, మీ తప్పేం కాదు. పిల్లకి పాడైన కూర పెట్టిస్తారా? రేపు గ్యాస్ లీకైతే? మీరున్నారు కదా అని అందరం నిశ్చింతగా ఉన్నామే!"

సిగ్గుతో చచ్చిపోయాను. ఉద్యోగం పోతుందన్న భయం దీని ముందు ఏపాటిది?

అక్కణ్ణుంచి లేవకుండానే మేనేజరుకి ఫోన్ చేసి చెప్పాను. ఆయన, "మంచి సరుకు ఎందుకు వెనక్కొచ్చిందా అని బుర్ర బద్దలు కొట్టుకున్నానయ్యా!" అన్నారు. డాక్టరు బాగైందని రాసిచ్చేదాకా ప్యాకింగులో డబ్బాలకి చీటీలు అంటించమన్నారు. ముక్కుగారు కాస్తా జిగురుగారయ్యారు.

సాయంత్రం అమ్మాయి తలస్నానం చేసొచ్చి నా ఒళ్ళో కూర్చుంది. ఆ తడి జుట్టు వాసనంటే నాకు ప్రాణం. నెల రోజులుగా ఉత్తి గాలి పీల్చి "అబ్బ, ఎంత బాగుందో!" అంటూ వచ్చాను. అది తల నా ముక్కుకి ఆనించి, "వస్తోందా నాన్నా?" అంది.

అలవాటైన మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"రావడం లేదమ్మా," అన్నాను.

అది కదలకుండా అలాగే కూర్చుని, "ఇవాళ నిమ్మకాయ వాసన నాన్నా," అని చెప్పింది.