ఎవరూ పనిచేయని నేల

ఒల్మేదోను అతని పెళ్ళాం ఎల్వియా ఈ జన్మకి క్షమించదు. ఊరంతా పర్యావరణ శాఖ ఇంజనీరును తిడుతుంది. ఆమె మాత్రం కర్రపెండలం చెక్కు తీస్తూ మొగుడినే తిట్టుకుంటుంది, పైకి వినపడకుండా.

నిరుడు ఆ ఇంజనీరు మ్యాపు పట్టుకుని నాపో నది ఒడ్డునున్న వాళ్ళ అడవి ఊళ్ళో దిగాడు. అడవి నరక్కుండా ఉంచితే సర్కారు ఏటా డాలర్లిస్తుందన్నాడు, లోకం వేడి తగ్గి వాతావరణం బాగుపడుతుందన్నాడు. ఎక్కడో ఎవరి ఫ్యాక్టరీయో పొగ వదిలితే ఇక్కడ ఎల్వియా కత్తి దించాలి. మగాళ్ళు హద్దులు చూపించారు. వాగు అవతల హెక్టారున్నరలో ఎల్వియా పెండలం తోట. నేల అలిసిందని దానికి విశ్రాంతినిచ్చింది. చెట్లు లేచి, తెలియనివాళ్ళకి అడవిలాగే ఉంటుంది. అలా వదిలిన తోటకి కొన్నేళ్ళకి మళ్ళీ వెళ్ళి నాటుకోవడం ఆ ఊరి ఆడవాళ్ళ సేద్యం. తోటంటే ఆడదానిదే. పెళ్ళినాడు అత్త చేతికిచ్చిన పెండలం కర్రలు ఆమె నాటింది అక్కడే, బిడ్డను వీపున కట్టుకుని కలుపు తీసింది అక్కడే.

ఆమె ఇంజనీరుకి అన్నం వడ్డిస్తుంటే ఒల్మేదో అన్నాడు. "అదీ అడవే సారూ. ఎవరూ పనిచేయని నేల."

గరిటె ఆమె చేతిలోనే ఉంది. ఆమెను ఎవరూ అడగలేదు. తోట కూడా మ్యాపులోకెక్కింది, ఒల్మేదో సంతకం పెట్టేశాడు. తర్వాత తనే అడిగితే, "నీ దుంపల కోసం గవర్నమెంటు ఆగుద్దా?" అన్నాడు. ఆ కర్రలిచ్చిన అత్తే, "మగాడు సంతకం పెట్టాక నీకు నోరెందుకే?" అంది.

ఇంటి పక్క తోట ఈ ఏడాది చచ్చిపోయింది. కత్తి పట్టుకుని వాగు దాటితే, అడవి కాపలావాళ్ళ ఆకుపచ్చ టోపీ పెట్టుకుని మరిది అడ్డం నిలబడ్డాడు.

"కొమ్మ నరికినా కేసే వదినా."

"ఇది ఎవరి నేలరా?"

"వాతావరణానిది," అని నవ్వాడు.

ఇప్పుడు ఊరంతా కలిసి మొక్కలు నాటాలట, ఇంజనీరు చూడ్డానికొస్తాడట. "కుండ నిండా చిచా చెయ్యి. చాలకపోతే నా పరువు పోద్ది," అన్నాడు ఒల్మేదో. పెండలం ఉడికించి, నమిలి, ఉమ్మి పులియబెడితేనే చిచా. ఎన్ని కుండలకి ఆమె దవడలు వాచాయో అతనెప్పుడూ చూడలేదు. ఇంటావిడ పోసిన చిచా తాగకుండా ఆ ఊళ్ళో ఎవడూ పార ఎత్తడు.

ఉన్న నాలుగు దుంపలూ పిల్లలకి ఉడికించి పెట్టేసింది.

పొద్దున్నే వాకిట్లో మగాళ్ళు వరసగా కూర్చున్నారు. ఎల్వియా కుండ తెచ్చి చిప్పలు నింపింది, మొదట ఇంజనీరుకే. మరిది చిప్పలోకి చూశాడు.

"ఇదేంటి వదినా, వాగు నీళ్ళా?"

"తాగరా. ఎవరూ పనిచేయని నేలలో పండింది."

చిప్పలు బోర్లించి ఒక్కొక్కరే లేచారు. మొక్కలు గుమ్మంలోనే వాడిపోయాయి.

"నా పరువంతా తీశావు కదే," అన్నాడు ఒల్మేదో.

అతని పరువు ఎంతుండేదో అతనే కొలుచుకోవాలి. ఎల్వియాది మాత్రం హెక్టారున్నర పోయింది.