యాడ్స్ వచ్చాయి, తిప్పెయ్!

నేను ఒక మిక్సీని. పేరుకు వంటింటి వస్తువునే గానీ నా కోపానికి ఆ వంటిల్లు చాలదు. మనుషులకు కోపం వస్తే అరుస్తారు. నేను అరిస్తే మాత్రం వాళ్ళకు కోపం వస్తుంది! "అబ్బబ్బ, ఆపవే ఆ గోల" అని నన్ను తిట్టినవాడే మరుక్షణం నేను నూరిన పచ్చడిని వేలితో తీసి నాకుతాడు. సిగ్గుండాలి. పచ్చడి కావాలట, చప్పుడు వద్దట.

కోయంబత్తూరు వైపు ఒక కార్ఖానాలో పుట్టాను. కడుపులో రాగి తీగ చుట్టారు, కింద రబ్బరు కాళ్ళు తగిలించారు. చివర్లో ఒకాయన నన్ను గట్టిగా తిప్పి, చెవి దగ్గర పెట్టుకుని విని, బాగుందన్నట్టు తలూపి అట్టపెట్టెలో పెట్టాడు. నా గొంతు విని తలూపే మనిషిని ఆ తర్వాత చాలాకాలం చూడలేదు.

గుంటూరులో ఎవరిదో పెళ్ళికి కానుకగా వెళ్ళాను. వెళ్ళేసరికి ఆ పెళ్ళికూతురి మంచం కింద నాలాంటివి వరసగా కూర్చుని ఉన్నాయి. నా పెట్టెను విప్పి చూసిన పాపాన పోలేదు. మీద రంగుకాగితం మార్చారు, పాత పేరు చీటీ మీద కొత్త పేరు చీటీ అంటించారు, మంగళగిరిలో ఒక గృహప్రవేశానికి పంపేశారు. మనుషుల్లో దీన్ని మర్యాద అంటారు. ఆ రంగుకాగితం చింపి నన్ను రెండు చేతులా ఎత్తుకున్నావిడ హైమావతి. అప్పటినుంచీ నా బతుకంతా ఆవిడ చేతి కిందే గడిచింది.

ఆ ఇంట్లో ఉండేది ముగ్గురు. హైమావతి, ఆవిడ భర్త పానకాలరావు, పానకాలరావు తల్లి నాంచారమ్మ. పానకాలరావు బట్టల కొట్లో గుమాస్తా. పగలంతా వచ్చినవాళ్ళందరికీ "చూడండమ్మా, తీసుకోకపోయినా పర్లేదు" అని చీరలు పరిచి పరిచి, ఇంటికొచ్చాక ఇక ఎవరి మాటా వినే ఓపిక లేక టీవీ ముందు కూలబడతాడు. హాలుకూ వంటింటికీ మధ్య తలుపు లేదు, ఒక పూల కర్టెను ఉంది. ఆ కర్టెను ఇవతల నేను. టీవీ మొహం ఎలా ఉంటుందో నేను చూడలేదు గానీ దాని గొంతు మాత్రం నాకు నిద్రలోనూ తెలుసు.

దాని గురించి నన్నడగండి, చెప్తాను! సాయంత్రం నాంచారమ్మ సీరియలు. అందులో ఎవరైనా "నీకో నిజం చెప్పాలి" అన్నారంటే ఆ నిజం వచ్చే నెలకు గాని బయటికి రాదు. ఈలోగా ఉరుము ఉరిమిందే ఉరుముతుంది. ఆ తర్వాత పానకాలరావు క్రికెట్టు. ఒకే బంతిని అటునుంచి ఒకసారి, ఇటునుంచి ఒకసారి, పైనుంచి ఒకసారి చూపిస్తే ప్రతిసారీ కొత్తగా "అయ్యో!" అంటాడు. ఇంట్లో భార్య ఒక మాట రెండోసారి చెబితే మాత్రం "చెప్పిందే చెప్తావేంటే" అంటాడు.

ఇక ఆ ఇంటి శాసనం. టీవీలో ప్రకటనలు వచ్చినప్పుడే నన్ను తిప్పాలి! ఎవరు పెట్టారో ఎప్పుడు పెట్టారో గానీ అది గుడి గంట కన్నా నిష్ఠగా సాగేది. హాల్లోంచి కేక వచ్చేది. "యాడ్స్ వచ్చాయి, తిప్పెయ్!" అంతే, హైమావతి చేతిలో ఏమున్నా పడేసి పరుగెత్తుకొచ్చి నా మీట తిప్పేది. సబ్బు ప్రకటన అయ్యేసరికి కొబ్బరి సగం నలిగేది. టూత్‌పేస్టు దగ్గర ఇంకాస్త. ఇంతలో "వచ్చేసింది, ఆపు ఆపు!" అని మరో కేక. మళ్ళీ యాడ్స్ వచ్చేదాకా సగం నలిగిన పచ్చడిని నోట్లో పెట్టుకుని నేను కూర్చోవాలి. పచ్చడి పలుకులు పలుకులుగా వస్తే "ఈ మిక్సీ పాతబడిపోయిందే" అనేది నాంచారమ్మ. ఆడలేక మద్దెల ఓడన్నారట, ఇదే కాబోలు.

నా మూత పగిలితే కొత్తది కొనరు, స్టీలు పళ్ళెం బోర్లించి అరచేత్తో అదిమి పడతారు. నా జారుకున్న పిడి మరలు ఊడిపోయి కదులుతూ ఉంటే గుడ్డపీలిక చుట్టారు. వేడెక్కితే నన్ను నేను ఆపుకోవడానికి నా అడుగున ఎర్ర బొత్తాం ఒకటి ఉంది. ఏళ్ళ తరబడి కారిన చింతపండు పులుసు ఎండి అది రాయిలా బిగిసిపోయింది. దాన్ని తుడవాలని ఒక్కరికీ తోచలేదు. టీవీకి మాత్రం రోజూ మెత్తటి గుడ్డ పట్టుకెళ్ళి దుమ్ము దులిపేవారు.

ఇన్ని అవమానాలూ ఎందుకు ఓర్చుకున్నానంటే, హైమావతి కోసం. ఆవిడకు సినిమాలంటే ప్రాణం. మధ్యాహ్నం ఆటకు ఒక్కతే వెళ్ళి వచ్చి, ఉల్లిపాయలు తరుగుతూ నా ముందు ఆ సినిమాను చీల్చి చెండాడేది. ఊరికే బాగుంది, బాగాలేదు అనే రకం కాదు. ఎక్కడ అతికించారో, ఎక్కడ మోసం చేశారో పట్టుకునేది. ఆ తెలివి హాల్లోకి తీసుకెళ్ళి "ఏవండీ, నిన్న చూసిన సినిమాలో..." అనగానే "ష్, డైలాగు వినపడట్లేదు" అనేవాడు పానకాలరావు. "నీకెందుకే ఆ సినిమాల గోల, పప్పులో ఉప్పు చూసుకో" అనేది నాంచారమ్మ. ఆవిడ గిరుక్కున తిరిగి వచ్చేసి, మిగిలిన సగం నాకు చెప్పేది. ఆవిడ మాటకూ ఆ ఇంట్లో నా బతుకే. కాదు, నాకన్నా అన్యాయం. నాకు కనీసం యాడ్స్‌లోనైనా నోరిచ్చారు.

ఎఫ్.ఎం. రేడియోలో ఆదివారం సాయంత్రం ఒక కార్యక్రమం వచ్చేది. కొత్త సినిమా చూసినవాళ్ళు ఫోనులో తమ అభిప్రాయం చెప్పాలి, ఊళ్ళన్నీ వింటాయి. హైమావతి ఎన్నాళ్ళుగానో వాళ్ళకు ఫోన్లు చేస్తూనే ఉంది. ఒక శనివారం వాళ్ళే చేశారు. "రేపు మేమే లైన్లోకి తీసుకుంటామండీ. చుట్టూ చప్పుడు లేకుండా చూసుకోండి, అంతే" అంది అవతలి అమ్మాయి. ఆవిడ ఫోను పెట్టేసి గట్టు పట్టుకుని నిలబడిపోయింది. జీవితంలో మొదటిసారి ఎవరో ఆవిడ మాట కోసం ఆవిడకు ఫోను చేశారు. అది పోతే మళ్ళీ పిలుస్తారన్న నమ్మకం ఏమీ లేదు, మాట్లాడాలనుకునేవాళ్ళు వందలమంది ఉంటారు.

ఇంట్లో ఇద్దరికీ చెప్పింది. భోజనాల దగ్గర చెప్పింది, మంచినీళ్ళు ఇస్తూ చెప్పింది. "ఆ టైముకి నన్ను పిలవకండి, వంటింట్లో చప్పుడు చెయ్యకండి." "సరేలే, సరేలే" అన్నాడు పానకాలరావు టీవీ గొంతు తగ్గించకుండా. ఆ 'సరేలే' విన్నప్పుడే నా ఒళ్ళు మండింది.

ఆదివారం ఆవిడ పనంతా ముందే కానిచ్చేసింది. మిరపకాయ బజ్జీలు వేసి హాల్లో పెట్టింది. పచ్చడికి కొబ్బరి, వేయించిన మిరపకాయలు నా జారులో వేసి ఉంచింది, ఫోను అయ్యాక తిప్పుకోవచ్చని. ఫోను మోగింది. నా పక్కనే ఉన్న తలుపులోంచి పెరట్లోకి ఒక అడుగు వేసి, సరిగ్గా వినపడదేమోనన్న భయంతో స్పీకరు పెట్టుకుంది. ముందు వాళ్ళ పాట వచ్చింది. తర్వాత ఒక కుర్రగొంతు హుషారుగా, "మంగళగిరి నుంచి హైమావతిగారు! చెప్పండి మేడమ్, సినిమా ఎలా ఉంది?" అంది.

"నమస్కారమండీ. అందరూ బాగుందన్నారు. నాకు మాత్రం ఒళ్ళు మండిందండీ" అని మొదలుపెట్టింది ఆవిడ. అబ్బ, ఏం మొదలుపెట్టిందనుకున్నారు!

సరిగ్గా అప్పుడే హాల్లో ఏదో వికెట్టు పడింది. వికెట్టు పడితే యాడ్స్ కాస్త ఎక్కువసేపు వస్తాయి. కర్టెను కదిలింది. మంచినీళ్ళ గ్లాసు కోసమైనా వంటింట్లో అడుగు పెట్టని పానకాలరావు, ఆ రోజు, ఆ క్షణాన లోపలికి వచ్చాడు. పెరట్లో భార్య ఫోను పట్టుకుని మాట్లాడటం చూశాడు. చూసి ఏమన్నాడో తెలుసా? "పాపం, ఫోన్లో ఉంది కదా, ఇవాళ్టికి మనమే తిప్పేద్దాం" అని తనలో తాను అనుకుని, నా మీద పళ్ళెం బోర్లించి, మీట చివరిదాకా తిప్పేశాడు.

వద్దురా నాయనా, వద్దు! నోరున్నా మాట రాని జన్మ నాది. తిప్పితే అరవడం తప్ప ఇంకేమీ చేతకాదు. అరిచాను. ఆవిడ వెనక్కి తిరిగి చెయ్యి ఊపడం, ఏదో కేకవెయ్యడం కనిపించింది. ఆయన మాత్రం పళ్ళెం అదిమి పట్టుకుని, ఏదో మహాకార్యం చేస్తున్నవాడిలా నా జారులోకే చూస్తున్నాడు. ఆవిడ ఒక్క అంగలో వచ్చి నా మీట కట్టేసింది. ఆ నిశ్శబ్దంలో ఫోనులోంచి కుర్రగొంతు నవ్వుతోంది.

"మేడమ్ గారు రైసు మిల్లులోంచి మాట్లాడుతున్నట్టున్నారు! సరే, తెనాలి నుంచి మరొకరు లైన్లో ఉన్నారు..."

ఫోను తెగింది.

"అప్పుడే అయిపోయిందా?" అన్నాడు పానకాలరావు. "చూశావా, నువ్వు పనిలో ఉన్నావని పచ్చడి నేనే చేసేశా. కాస్త నీళ్ళు పొయ్యాలేమో చూడు." ఆయనకు నిజంగానే మెప్పు కావాలి. చుట్టూ చూశాడు కూడా, ఎవరైనా మెచ్చుకుంటారేమోనని. ఇంతలో మ్యాచి మొదలైన చప్పుడు వినిపించి గబగబా హాల్లోకి పోయాడు.

హైమావతి ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. నన్ను జారుతో సహా చంకనెత్తుకుంది. నా తీగ నేలమీద ఈడ్చుకుంటూ వస్తుంటే హాల్లోకి నడిచింది. అన్నేళ్ళలో ఆ కర్టెను దాటడం నాకు అదే మొదలు. నన్ను టీవీ పక్కన బల్లమీద పెట్టి ప్లగ్గు దూర్చింది. చూశాను, టీవీని మొట్టమొదటిసారి కళ్ళారా చూశాను. ఇంత పల్చటి రేకా అనిపించింది.

"ఏంటే ఇది, ఇవి యాడ్స్ కాదు..." అన్నాడు పానకాలరావు.

నా మీట తిరిగింది. ఎంత గొంతుందో అంతా పెట్టి అరిచాను. ఆయన నోరు కదులుతోంది, మాట వినపడటం లేదు. ఆయన నోరు మూశాక ఆవిడ నన్ను ఆపింది.

"రేడియో వాళ్ళు వినలేదు. మీరు వినండి" అంది. "ఆ సినిమాలో హీరోయిను డాక్టరు. పెద్ద చదువని బోర్డు చూపించారు, మెళ్ళో స్టెతస్కోపు వేశారు. సినిమా మొత్తంలో ఒక్కడికి సూదిమందు వెయ్యలేదు."

"ఒసే హైమా, పిచ్చిగానీ పట్టిందా..." అంది నాంచారమ్మ.

మళ్ళీ నా మీట తిరిగింది. కొబ్బరి ముద్ద బ్లేడుకు అడ్డం పడి, నాలో ఏదో కమురు వాసన మొదలైంది. అయినా తగ్గలేదు. నాంచారమ్మ బుగ్గన చెయ్యి పెట్టుకున్నాక ఆగాను.

"హీరోకి కత్తిపోటు తగిలింది. ఎవరు కట్టుకట్టారు? వాళ్ళమ్మ పసుపు పెట్టింది! డాక్టరు పక్కన నిలబడి ఏడుస్తూ ఉంది. 'ఇలా జరగండి, నేను చూస్తాను' అని ఆ పిల్ల నోరు తెరిస్తే హీరో చెంపమీద కొట్టాడు. హాలంతా ఈలలు. ఈలలండీ! నా పక్క సీట్లో కాలేజీ ఆడపిల్ల కూడా నవ్వింది. ఆ పిల్లకి చదువెందుకు చెప్పించారు, స్టెతస్కోపు ఎందుకు వేశారు, నోరు తెరిస్తే కొట్టడానికా?"

"సినిమా అన్నాక..." అన్నాడు పానకాలరావు.

మీట. ఈసారి నా కింద నుంచి సన్నగా పొగ లేచింది. ఆ ఎర్ర బొత్తాం బిగుసుకుపోకుండా ఉంటే ఎప్పుడో ఆగిపోయి ప్రాణం దక్కించుకునేదాన్ని. నిజం చెప్పాలంటే, అది పనిచేయనందుకు ఆ ఒక్కరోజే సంతోషించాను.

ఆవిడ చెప్పాలనుకున్నదంతా చెప్పింది. పాటల గురించి, పెళ్ళి సీను గురించి, చివర్లో అందరూ కలిసి నవ్వే ఫోటో గురించి. టీవీలో ఎవడో సిక్సు కొట్టాడు, ఒక్కరూ అటు చూడలేదు. చివరికి నాంచారమ్మే మెల్లగా, "అయితే ఆ డాక్టరు పిల్ల ఏమైందే చివరికి? మళ్ళీ ఆసుపత్రికి వెళ్ళిందా లేదా?" అని అడిగింది.

"అదే అత్తయ్యా, అదే చూపించలేదు!" అంది హైమావతి. ఆ మాట అంటూంటే ఆవిడ కళ్ళు నిండాయి. నాలో ఫట్‌మని ఒక తీగ తెగింది.

ఇప్పుడు నేను మిక్సీలు బాగుచేసి అమ్మే మస్తాన్ కొట్లో తుక్కు గంపలో ఉన్నాను. కొట్టు ముందు భాగంలో కొత్త సరుకు, వెనక మాలాంటి పాతవి. నన్ను విప్పి చూసి మస్తాన్ పెదవి విరిచాడు. "కాయిలు మొత్తం కాలిపోయింది సార్. చుట్టించినా దండగే. కొత్తది తీసుకోండి."

"మంచిదే తీయి. చప్పుడు లేనిది" అన్నాడు పానకాలరావు. "ఇంట్లో టీవీ వినపడాలి."

మస్తాన్ ఉత్సాహంగా ఒక తెల్లటిదాన్ని కౌంటరు మీద పెట్టాడు. "ఇది చూడండి సార్. పక్కన పసిపిల్లాడు పడుకున్నా లేవడు." తిప్పి చూపించాడు. దోమ మూలిగినట్టు మూలిగింది. ఛీ, దానిదీ ఒక గొంతేనా!

"అది వద్దు బాబూ" అంది హైమావతి. వంగి, గంపలో ఉన్న నా మీద చెయ్యి వేసింది. "దీనిలాగా అరిచేది చూపించు."

మస్తాన్ నవ్వుకుంటూ వెనకనుంచి ఒక బండరకం తెచ్చి, ప్లగ్గు పెట్టి ఆవిడ ముందుకు జరిపాడు. "ఎందుకే మళ్ళీ ఆ గోల, ఇంట్లో ప్రశాంతంగా..." అంటూ పానకాలరావు నోరు తెరిచాడు.

ఆవిడ మీట తిప్పింది.