తిరుగు ప్రయాణపు సీటు

భీమశంకరరావు రోజూ పదింటికి ట్రావెల్స్ ఆఫీసు షట్టరు ఎత్తి, ముందు కంప్యూటరు ఆన్ చేస్తాడు, తరవాత కుర్చీ తుడుస్తాడు. చేతులున్న మామూలు టేకు కుర్చీ. విమానం నంబరూ సీటు నంబరూ చీటీ మీద రాసి దాని కింద పెట్టి కూర్చుంటే, ఆ సీట్లో తమ ప్రయాణం ఎలా ఉంటుందో కూర్చున్నవాళ్ళకు అయిదు నిమిషాల్లో తెలిసిపోతుంది. కాళ్ళు ఎంత మేర చాపుకోవచ్చో, ముందువాడు సీటు ఎంత వెనక్కి వాలుస్తాడో, టాయిలెట్ వాసన ఎన్నో గంటకు మొదలవుతుందో. అనకాపల్లి బెల్లం వ్యాపారులు దుబాయ్ వెళ్ళినా సింగపూర్ వెళ్ళినా ఆ కుర్చీలో కూర్చోకుండా సీటు ఖాయం చేసుకోరు.

ఆయనకు ఒకటే నియమం. వెళ్ళేటప్పటి సీట్లకే కూర్చోబెడతాడు. దేవరాపల్లి రైతు ఒకాయన తిరుగు ప్రయాణపు సీట్లో కూర్చుని లేచి, ఏమీ చెప్పకుండా ప్రయాణమే మానుకున్న దగ్గర్నుంచి ఆ నియమం.

ఆ మంగళవారం రాజశ్రీ, ఆమె అత్తగారు కామేశ్వరమ్మ వచ్చారు. వాళ్ళది ధాన్యం కొట్టు. రాజశ్రీ భర్త ఫణీంద్ర ఓడలో ఇంజనీరు. పదకొండు రోజుల కిందట, ఓడ బ్రెజిల్ రేవులో ఉండగా, మెదడులో రక్తనాళం చిట్లి పడిపోయాడు. ఇంకా తెలివి రాలేదు. కంపెనీ రాజశ్రీకి రానూపోనూ టికెట్ ఇచ్చింది. తిరిగి వచ్చేటప్పుడు పక్కపక్కన రెండు సీట్లు, తేదీ తరవాత మార్చుకోవచ్చు. రెండో సీటు ‘మనిషి ప్రయాణం చేయగలిగితే’ అని మెయిల్‌లో రాసింది.

ఈ పదకొండు రోజులూ రాజశ్రీ ఏడవలేదు. పెట్టింది తింది, అడిగినదానికి జవాబు చెప్పింది.

“దుబాయ్ దగ్గర్నుంచే పదిహేను గంటలంట,” అంది కామేశ్వరమ్మ. “దీని కాళ్ళు వాచిపోతాయి. ముందు నేను కూర్చుని సూత్తాను.”

“ఎవరి ప్రయాణం వాళ్ళకే తెలుస్తుందమ్మా. మీరు వెళ్ళటం లేదు కదా.”

“దీని పెళ్ళి చీరలన్నీ నేనే ఎంచేను. సీటు నేను సూడకూడదేటి?”

కూర్చుంది. అయిదు నిమిషాలూ కళ్ళు మూసుకుంది.

“ఉత్త చెక్క,” అని లేచింది. “దీనికేనా ఊరంతా ఎగబడతంది?”

రాజశ్రీ కూర్చుంది. ముప్పై ఒకటి సి.

“ఎలా ఉందమ్మా?”

“బాగుందండి.”

“దాని ముందు సీటు కింద ఇనప పెట్టె ఉంటుంది. ఎడం కాలికి చోటుండదు. తగల్లేదా?”

“తగిలింది.”

“మరి బాగుందంటారేంటి?”

రాజశ్రీ కాస్త ఆలోచించింది. “ఏమో, తెలీలేదండి.”

ఆయనే ఇరవై ఏడు సి ఖాయం చేశాడు. నడవ పక్క సీటు, ముందు గోడ దాకా ఖాళీ. తరవాత కంప్యూటరు వైపు తిరిగి, “తిరుగు సీట్లు నేను వేసేస్తానులెండి,” అన్నాడు.

“కూర్చోబెట్టు,” అంది కామేశ్వరమ్మ.

“అలా కూర్చోబెట్టనమ్మా. మీకూ తెలుసు.”

“మా వాడు వత్తాడో రాడో తెలిసిపోద్దని కదా?”

ఆయన కీబోర్డు పక్కకు జరిపాడు.

“మీ నాన్న మా కొట్టుకొచ్చి, ప్రతి బస్తాలోంచీ నాలుగు గింజలు నోట్లో వేసుకుని, నమిలి సూత్తేగానీ బియ్యం ఎత్తేవాడు కాదు. ఒక్కోసారి ఇరవై బస్తాల మూతులు ఇప్పించీవాడు. మేం వద్దన్నామేటి?”

భీమశంకరరావు చీటీల పుస్తకం తీశాడు.

మొదట నలభై రెండో వరసలో కిటికీ పక్క సీటు రాశాడు. రాజశ్రీ కూర్చుంది. ముందువాడు సీటు వాల్చలేదు. రెండు సీట్ల మధ్య చెయ్యి ఆనించుకునే పట్టీ పైకి లేపి, రెండు దుప్పట్లు కప్పుకుని, కాళ్ళు ముడుచుకుని ఆరు గంటలు నిద్రపోయింది. ఇన్ని రోజుల్లో అంత నిద్ర ఇదే. లేచింది.

“పక్క సీట్లో?” అంది కామేశ్వరమ్మ.

“ఖాళీ అత్తయ్యా.”

కామేశ్వరమ్మ చేతిసంచి ఒళ్ళో పెట్టుకుంది. మళ్ళీ తీసి కింద పెట్టింది.

“ఇంకోటి రాయండి,” అంది రాజశ్రీ.

నలభై మూడు ఖాళీ. నలభై నాలుగు ఖాళీ. నలభై ఆరులో పక్క సీటు మీద ఆమె తన శాలువా పెట్టుకుంది. ప్రతి సీట్లోనూ నిద్ర పట్టింది. చీటీలు కుర్చీ కింద పోగుపడ్డాయి.

“ఇంకా జంట సీట్లేం ఉన్నాయి?”

“చివరి వరస ఒకటుంది. అది వద్దమ్మా. వెనక గోడ, సీటు వాలదు. పక్కనే టాయిలెట్లు. విమానం నిండిపోతే తప్ప అక్కడెవరూ కూర్చోరు.”

“రాయండి.”

కిటికీ పక్క సీటు. వీపు నిటారుగా నిలబడిపోయింది. టాయిలెట్ తలుపు దబదబా కొట్టుకుంటోంది. రెండో గంటలో కుడి భుజం మీద బరువు పడింది. తల. తరవాత స్వాధీనం లేని చెయ్యి ఒకటి జారి ఆమె ఒళ్ళో పడింది. జాకెట్టు భుజం దగ్గర తడిసింది. నాలుగుసార్లు ఆ మనిషి చంకల కింద చేతులు వేసి లేపి టాయిలెట్‌కు తీసుకెళ్ళింది, నాలుగుసార్లు తెచ్చి కూలేసింది. ఒక్క కునుకు లేదు.

చూస్తున్నవాళ్ళకు కనిపించింది ఇంతే. రాజశ్రీ కుర్చీలో ఎడంపక్కకు నొక్కుకుపోయి ఉంది, నుదుటి మీద చెమట పట్టింది.

“అయిపోయిందమ్మా,” అన్నాడు భీమశంకరరావు. ఆమె లేవలేదు. ఆయన ఇంకోసారి చెప్పాడు.

“నలభై రెండులో మంచి నిద్ర పట్టిందండి,” అంది రాజశ్రీ.

ఆయన చేతులు కీబోర్డు మీద ఆగాయి. కామేశ్వరమ్మ కోడలి ముఖం వైపు చూడలేదు. గోడ మీది క్యాలెండరు చూస్తోంది.

“చివరిదే వేసేయండి,” అంది రాజశ్రీ.

నెలా పదిరోజుల తరవాత ఆ తిరుగు విమానం దుబాయ్ వైపు సగం దూరం వచ్చింది. విమానంలో పనిచేసే అమ్మాయి చివరి వరస దగ్గర వంగి, ముందు వరసొకటి మొత్తం ఖాళీగా ఉంది, పక్కనున్న ఫణీంద్రను తను చూస్తుంటానని, వెళ్ళి కాసేపు పడుకోమని చెప్పింది. రాజశ్రీ మెడ చాచి ఆ ఖాళీ సీట్ల వైపు చూసింది. చాలాసేపే చూసింది. అక్కర్లేదని తల ఊపింది.

ఫణీంద్ర కదిలాడు. పడిపోయిన దగ్గర్నుంచి అతని నోట ఒక్క మాట లేదు. పెదవులు ఒక పక్కకు లాక్కుపోయాయి, మళ్ళీ సర్దుకున్నాయి.

“జరుగు,” అన్నాడు.

రాజశ్రీ ఎడంపక్క కిటికీ చూసింది. దానికీ తనకూ మధ్య వేలు పట్టే సందు లేదు.

“ఎక్కడికండీ జరిగేది?” అంది.